నలభై లీటర్లు

కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
పైన: ఏడు వందల బొలివియానోలు.
దాని కింద గీత. గీత కిందంతా సముద్రం.

ఎల్ ఆల్తోలో, నాలుగు వేల మీటర్ల ఎత్తున,
పొయెరా లంగాలకు కుచ్చిళ్ళు కుట్టి బతుకుతాను.
ఒక్కో లంగాకు ఎనిమిది గజాలు.
అల ఎలా లేస్తుందంటే చేత్తో చేసి చూపిస్తాను.
చూడటం మాత్రం ఎన్నడూ చూడలేదు.

ముందు తొట్టె.
గురువారం సంతలో, పాత టైర్లకీ ఒంటి బూట్లకీ నడుమ
ఎవరి తాబేలో చచ్చిపోయిన గాజుపెట్టె.
"కారుతుందా?"
"నీళ్ళు పోస్తే కారుతుంది," అంది ఎర్మెలిందా.
నూట ఇరవై అంది, తొంభైకి తెగింది.
పద్దెనిమిదికి సిలికాను గొట్టం.
మూలలు మూడు రోజులు ఆరాలి, వేలు పెట్టకూడదు.
పెట్టాను.

హీటరు దగ్గర బేరం లేదు.
పాతది కొంటే ఏదో ఓ రాత్రి పులుసు పెట్టేస్తుంది.
జూన్‌లో మా గదిలో చెంబులో నీళ్ళు పెంకు కడతాయి,
చేపకేమో ఇరవై ఐదు డిగ్రీలు కావాలట!
నాకెవరిచ్చారు ఇరవై ఐదు డిగ్రీలు?
నూట అరవై రాసి, మూడు వైపులా చుట్టడానికి
కుట్టగా మిగిలిన కంబళి ముక్కలు తీసి పెట్టాను.

ఎర్ర తీగబండి ఎక్కి లా పాస్‌లోకి దిగాను.
కొట్టతను స్కిమ్మరు లేకపోతే కుదరదన్నాడు. ఆరు వందలు.
గుక్క తిప్పుకుని కొట్టేశాను.
ఇంత తొట్టెకి వారానికో బకెట్టు మారిస్తే చాలు,
నా చేతులే స్కిమ్మరు.
పంపు మాత్రం కొట్టేయలేదు.
ఇక్కడ గాలి పలచన, కొత్తవాళ్ళు రెండు మెట్లకే రొప్పుతారు,
నీళ్ళూ రొప్పుతాయి.
పంపు మూతి పైకి తిప్పి
నీటి ముఖాన్ని రాత్రింబవళ్ళు చెదరగొడుతూ ఉండాలి.

ఉప్పు దగ్గర సంతంతా నవ్వింది.
"ఉయూనీలో ఊళ్ళకు ఊళ్ళే ఉప్పు,
నువ్వు పొట్లంలో ఉప్పుకి నూట నలభై పోస్తావా?"
పోస్తాను. ఉప్పుంటే సముద్రమైపోదు,
అందులో సున్నం ఉండాలి, ఇంకా నాకు నోరు తిరగనివేవో ఉండాలి.
కిరాణా తక్కెడలో కిలో నాలుగు వందల గ్రాములు తూయించాను.

వడకట్టిన నీళ్ళు రెండు క్యాన్లు. ఎండు రాళ్ళు.
ఉప్పుసాంద్రం చూసే గాజు బుడ్డి.
అమోనియా పరీక్ష కొట్టతను ఊరికే చేస్తానన్నాడు,
సీసాలో పట్టుకెళితే.
కూడితే ఏడు వందల ముప్పై ఎనిమిది.
మళ్ళీ కూడాను. సముద్రం తగ్గలేదు.
లైటు కొట్టేశాను, నలభై ఐదు.
పగడాలు పెట్టేనాటికి చూద్దాం,
ఈలోపు కుట్టుమిషను దీపం ఇటు తిప్పితే సరి.

మిగిలిన ఏడుతో
ఐసులో పెట్టిన రొయ్య ఒకటి కొన్నాను.
అది తొట్టెలో కుళ్ళాలి. ఆరు వారాలు.
ఆ కుళ్ళుని తినే కంటికానని ప్రాణులు పుట్టేదాకా
చేపను తేకూడదు.
అందుకే చేపలు అన్న చోట ఖాళీ వదిలాను.
మొదటి కాపురం చచ్చిన రొయ్యది.

పక్క వాటాలో అద్దెకుండే ఫోర్తునాతో
ప్లగ్గు పెట్టడానికొచ్చాడు.
చుక్క జారినా నేల మీద పడేట్టు
తీగను ఒక వంపు కిందికి వేలాడదీశాడు.
అతని ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు.
ఒక ఏడాది మా నౌకాదళంలో చేశాడు, సరస్సు మీద.
మాకు నౌకాదళం ఉంది.
సముద్రం నూట నలభై ఏళ్ళ కింద పోయింది.

పంపు గురగురమని పట్టుకుంది.
ఇద్దరం నేల మీద కూర్చుని
రాళ్ళూ రొయ్యా తప్ప ఏమీ లేని తొట్టెను
చాలాసేపు చూశాం. టీ చల్లారిపోయింది.

ఫోర్తునాతో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు.
"ఉప్పు తక్కువైంది."
"నువ్వెప్పుడు చూశావయ్యా సముద్రం?"
"చూడలేదు. అయినా తక్కువే."

ఒళ్ళు మండి గాజుబుడ్డి ముంచాను.
ఇరవై ఐదు గీత దగ్గర నిలవాల్సింది
ఇరవై రెండు దగ్గర నిలిచింది.